డ్రిల్లు మేష్టారికి ప్రొఫెసరు కుర్చీ

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు నన్ను కూడా ఏదో ఒకటి రాసివ్వమని కమిటీ వాళ్ళు అడిగారు. వెనకటి సంచికలు తిరగేశాను. తెలుగు మేష్టారి మీద, లెక్కల మేష్టారి మీద, సైన్సు మేష్టారి మీద మనవాళ్ళు చాలా చక్కగా రాశారు. డ్రిల్లు మేష్టారు మాత్రం గ్రూపు ఫోటో కింద ఒక పేరుగా తప్ప ఎక్కడా కనబడలేదు. ఈ బళ్ళో చదువుకుని, తర్వాత ముప్పై నాలుగేళ్ళు వేరే ఊళ్ళలో అదే ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ లోటు నేనే తీరుద్దామనుకున్నాను. అయితే నేను రాయబోయేది మన మేష్టారి గురించి కాదు. చికాగో విశ్వవిద్యాలయంలో నలభై ఒక్క ఏళ్ళు ఆటలు నేర్పిన అమోస్ అలాంజో స్టాగ్ గురించి. చదివాక, ఈయన మనవాడే కదా అని మీకూ అనిపిస్తే సంతోషం.

2013లో మా అబ్బాయి దగ్గరికి చికాగో వెళ్ళాను. ఒక ఆదివారం వాడు నన్ను యూనివర్సిటీ చూపించడానికి తీసుకెళ్ళాడు. ఎల్లిస్ అవెన్యూ అనే వీధి పక్కన ఒక కంచు శిల్పం ఉంది. దూరం నుంచి పుర్రెలా, దగ్గరకెళితే పుట్టగొడుగులా కనిపిస్తుంది. చేసినాయన హెన్రీ మూర్. మనిషి చేతిలో అణుశక్తి మొదటిసారి అదుపులో నడిచింది ఇక్కడేనని, 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ ఆ ప్రయోగం చేశాడని మావాడు చెప్పాడు. ఇంత పెద్ద ప్రయోగం వీధి పక్కన చేశారా అని అడిగాను. వీధిలో కాదు, అప్పట్లో ఇక్కడ పెద్ద ఆటస్థలం ఉండేదట. ప్రేక్షకులు కూర్చునే గ్యాలరీ కింద ఒక ఆటగదిలో చేశారట. ఆ ఆటస్థలం పేరు స్టాగ్ ఫీల్డ్. ఇప్పుడు ఆ స్థలంలో పెద్ద గ్రంథాలయం ఉంది.

ఫెర్మీ గురించి అక్కడ రాసి ఉంది. నాకు తెలుసుకోవాలనిపించింది మాత్రం ఆ గ్రౌండుకు పేరిచ్చిన మనిషి గురించి. మావాడు తెచ్చిపెట్టిన పుస్తకాలు రెండు నెలల పాటు చదివాను. ఇంగ్లీషు నాకు నిదానమే, కానీ ఆటల మాటలు కాబట్టి పట్టుబడింది.

స్టాగ్ 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రంలో వెస్ట్ ఆరెంజ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన అయిదోవాడు. పనులు చేసుకుంటూ, ఆలస్యంగా చదువుకుంటూ యేల్ విశ్వవిద్యాలయానికి చేరాడు. దానికి ముందు ఒక ఏడాది నిప్పు సెగ కూడా లేని అటక గదిలో ఉండి బిస్కట్లు, పాత రొట్టె, పాలతో గడిపాడు. వారాలు చెప్పుకుని చదువుకున్న మన తాతల తరం వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. యేల్‌లో బేస్‌బాల్ బౌలింగులో అంతటివాడు లేడనిపించుకున్నాడు. డబ్బిచ్చి ఆడించే జట్లు ఆయన వెంటపడ్డాయి. వెళ్ళలేదు. డబ్బు కోసం ఆడితే ఆట చెడిపోతుందని ఆయన నమ్మకం. చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడు అంత డబ్బు కాదన్నాడంటే అది మొండితనమో నిష్ఠో నేను తేల్చుకోలేకపోయాను. రెండూ ఉండి ఉంటాయి. 1889లో దేశం మొత్తం మీద మొదటిసారిగా ఎంపిక చేసిన ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ జాబితాలో ఆయన పేరుంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే, ఒకర్నొకరు పడదోసుకునే అమెరికా ఆట.

నిజానికి ఆయన మతగురువు కావాలనుకుని యేల్‌లో ఆ చదువులో చేరాడు. కానీ వేదిక ఎక్కితే మాట సాగేది కాదు. తనకు ఉపన్యాసం రాదని ఒప్పుకుని, మాటలతో చెప్పలేనిది మైదానంలో చెప్పవచ్చనుకుని 1890లో స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళాడు. అక్కడ వై.ఎం.సి.ఎ. వాళ్ళ శిక్షణ పాఠశాల ఉండేది. ఆయనతో పాటు అక్కడున్న జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో, చలికాలం కుర్రాళ్ళు గదిలో ఆడుకోవడానికి గోడలకు రెండు బుట్టలు తగిలించి ఒక కొత్త ఆట కనిపెట్టాడు. అదే బాస్కెట్‌బాల్. 1892 మార్చి 11న జనం ముందు ఆ ఆట మొదటిసారి ఆడారు, విద్యార్థులు ఒక పక్క, మేష్టార్లు ఒక పక్క. మేష్టార్లు 5–1తో ఓడిపోయారు. వాళ్ళ తరఫున పడ్డ ఆ ఒక్క బుట్ట స్టాగ్ వేసిందే.

ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ పేరు నేను అమెరికా వెళ్ళకముందే విన్నాను. మద్రాసు వై.ఎం.సి.ఎ. కాలేజీలో నేను ట్రైనింగ్ అయినప్పుడు, ఆ సంస్థను 1920లో మొదలుపెట్టిన హ్యారీ క్రో బక్ గారి పేరు తలవని రోజు ఉండేది కాదు. ఆయన చదివింది ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌కు మన దేశపు జట్టును మేనేజరుగా వెంటబెట్టుకుని వెళ్ళింది కూడా ఆయనే. బక్ గారి కాలేజీలో తయారైన మేష్టార్లు ఆంధ్ర జిల్లాల్లో ఎన్నో బళ్ళకు వెళ్ళారు. అంటే మన డ్రిల్లు పీరియడుకు, స్టాగ్ వేసిన ఆ ఒక్క బుట్టకు దూరపు చుట్టరికం ఉందన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. స్టాగ్ యేల్‌లో ఉన్నప్పుడు హీబ్రూ భాష చెప్పిన విలియం రెయినీ హార్పర్ అనే ఆయన, రాక్‌ఫెల్లర్ డబ్బుతో కొత్తగా కడుతున్న చికాగో విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. పాత శిష్యుణ్ణి పిలిచి ఆటల శాఖ నడపమన్నాడు. స్టాగ్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం, ఆయన ఏమీ అనకుండా ఆలోచిస్తూ కూర్చుంటే హార్పర్ జీతం చాలదేమో అనుకుని పెంచుకుంటూ పోయాడట. చివరికి ఏడాదికి 2500 డాలర్లు, అసోసియేట్ ప్రొఫెసరు హోదా, తీసెయ్యడానికి వీల్లేని పక్కా ఉద్యోగం. మాట్లాడటం రాకపోవడం వల్ల బాగుపడిన మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

ఆ హోదా ఎంత పెద్ద విషయమో మన పాఠకుల్లో ఉపాధ్యాయులకు వేరే చెప్పక్కర్లేదు. అప్పట్లో అక్కడ కోచ్ అంటే ఆటల సీజనుకు పిలిచి, అవ్వగానే పంపించేసే మనిషి. మన దగ్గర మటుకు? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బళ్ళో స్టాఫ్ రూములో నాకు కుర్చీ లేదు. బంతులు, డంబెల్సు ఉండే గదిలో చెక్కపెట్టె మీద కూర్చునేవాణ్ణి. పదో తరగతికి డ్రిల్లు పీరియడు టైంటేబులులో ఉండేది గానీ, ఆ గంట లెక్కలకో ఇంగ్లీషుకో వెళ్ళిపోయేది. కాబట్టి 1892లో ఒక డ్రిల్లు మేష్టారు ప్రొఫెసర్ల వరసలో కూర్చున్నాడని చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

యూనివర్సిటీ 1892 అక్టోబరులో తెరిచారు. జట్టుకు సరిపడా మనుషులు లేకపోతే స్టాగ్ తనే దిగి ఆడేవాడు. ఆటగాళ్ళను గుద్దుకోవడం నేర్పడానికి దిండు బొమ్మ, చొక్కాల మీద నంబర్లు, ఇలాంటి ఎన్నో కొత్త పద్ధతులు ఆయన పేరు మీదనే చెబుతారు. పొగ, మందు ముట్టడు. ఎంత కోపం వచ్చినా గాడిద అనే మాట దాటేవాడు కాదట. తప్పు మరీ పెద్దదైతే జోడు గాడిద. మన మేష్టారి తిట్లు గుర్తున్నవాళ్ళు ఈ పాటికి నవ్వుకుంటూ ఉంటారు.

అప్పటి కాలేజీ ఆటల్లో అన్యాయం చాలా ఉండేది. ఈ వారం ఒక కాలేజీ తరఫున, పై వారం ఇంకో కాలేజీ తరఫున ఆడే మనుషులుండేవారు. వాళ్ళకు క్లాసు ఎక్కడో కూడా తెలియదు. దీన్ని అరికట్టడానికి 1895 జనవరి 11న చికాగోలో పామర్ హౌస్ అనే హోటల్లో ఏడు విద్యాసంస్థల అధ్యక్షులు కూర్చున్నారు. పిలిచింది పర్డ్యూ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు జేమ్స్ స్మార్ట్. మరుసటి ఏడాది, 1896 ఫిబ్రవరి 8న, ఒక్కో యూనివర్సిటీ నుంచి ఒక్కో అధ్యాపకుడు వచ్చి సంఘం ఏర్పరిచారు. చికాగో, ఇల్లినాయ్, మిషిగన్, మిన్నెసోటా, నార్త్‌వెస్టర్న్, పర్డ్యూ, విస్కాన్సిన్, ఈ ఏడూ అందులో ఉన్నాయి. దీన్ని వాళ్ళు కాన్ఫరెన్స్ అంటారు. ఉపన్యాసాల సభ కాదు. ఒకే నిబంధనలకు కట్టుబడి తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి. తర్వాత ఇండియానా, అయోవా, ఒహాయో స్టేట్ చేరి మొత్తం పది అయ్యేసరికి బిగ్ టెన్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు అందులో పద్దెనిమిది ఉన్నాయి, పేరు మాత్రం అదే.

నన్ను ఆకట్టుకున్నది రెండు సంగతులు. మొదటిది, ఆ సంఘంలో ఓటు కోచ్‌కు లేదు, పాఠం చెప్పే అధ్యాపకుడిది. రెండోది, ఆడేవాడు నిజంగా పేరు నమోదైన విద్యార్థి అయి ఉండాలి, చదువులో వెనకబడి ఉండకూడదు. మన గ్రిగ్ పోటీలకు ఎంట్రీ ఫారంతో పాటు హెడ్మాస్టరు సంతకంతో వయసు, తరగతి రాసి పంపేవాళ్ళం గుర్తుందా? ఆ కాగితం వెనకున్న భయమే ఇక్కడా ఉంది. ఆ కాగితం మీద జరిగే మోసాలూ రెండు చోట్లా ఒకటే.

స్టాగ్ చేతులు పూర్తిగా శుభ్రం అని నేను రాయలేను. 1905 నవంబరు చివర చికాగో జట్టు మిషిగన్‌తో ఆడింది. మిషిగన్ అప్పటికి నాలుగేళ్ళకు పైగా, వరసగా 56 ఆటల్లో ఓటమి ఎరగదు. ఇరవై ఏడు వేల మంది జనం. చికాగో 2–0తో గెలిచింది. ఆ జట్టులో వీరుడు వాల్టర్ ఎకర్సాల్, బంతిని తన్నడంలో మొనగాడు. ఊరంతా అతని పేరు జపించింది. ఆటల టిక్కెట్ల డబ్బు బాగా వచ్చేది. ఆ లెక్కలు స్టాగ్ చేతిలోనే ఉండేవి. కొత్త యూనివర్సిటీకి పేరు వస్తోందని హార్పర్‌కూ సంతోషమే. ఎకర్సాల్ చదువు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆట రోజులు అయిపోయాక చూస్తే అతను డిగ్రీకి దరిదాపుల్లో కూడా లేడు. పట్టా లేకుండానే బయటికి వెళ్ళాడు. పత్రికలో ఆటల వార్తలు రాసుకుని బతికి, 1930లో చిన్న వయసులోనే పోయాడు. డబ్బు కోసం ఆడితే ఆట చెడిపోతుందని నమ్మిన మనిషి కళ్ళ ముందే ఇది జరిగింది.

ఈ ఘట్టం దగ్గర నేను నాలుగు రోజులు ఆగిపోయాను. కారణం చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో వాలీబాల్ ఆడే కుర్రాడొకడు ఉండేవాడు. నెట్ మీదికి లేచాడంటే అవతలి వాళ్ళు చేతులు దించుకునేవాళ్ళు. వాడికి హాజరు చాలదు. రోజూ పొద్దునా సాయంత్రం గ్రౌండులో నా దగ్గరే ఉండేవాడు, క్లాసులో ఉండేవాడు కాదు. రిజిస్టరులో ఖాళీలు నేనే పూడ్చాను. అర్ధసంవత్సర పరీక్షలో కాస్త చూసీ చూడనట్టు పొమ్మని తోటి మేష్టార్లను బతిమాలాను. రెండేళ్ళు వరసగా షీల్డు మాదే. ఊళ్ళో ఊరేగింపు చేశారు, నాకూ ఒక దండ పడింది. మూడో ఏడు పబ్లిక్ పరీక్షలో వాడు మూడు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ పోయాయి. ఇప్పుడు బియ్యం మిల్లులో బస్తాలు మోస్తాడు. ఎప్పుడన్నా బస్టాండులో కనబడితే నా చేతిలో సంచీ లాక్కుని బస్సు దాకా తెచ్చి సీటు వెతికి కూర్చోబెడతాడు. ఒక్కసారి కూడా నన్నేమీ అడగలేదు.

ఎకర్సాల్ స్టాగ్‌ను ఏమైనా అడిగాడా అని ఆ పుస్తకాల్లో వెతికాను. నాకు కనబడలేదు.

ఆ 1905లోనే దేశమంతా కలిపి దాదాపు 18 మంది కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతూ చనిపోయారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తూర్పు ప్రాంతపు పెద్ద కాలేజీల వాళ్ళను పిలిపించి మాట్లాడాడు. 1906లో మిషిగన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు జేమ్స్ ఏంజెల్ చొరవతో కాన్ఫరెన్స్ అధ్యాపకులు కఠినమైన నిబంధనలు పెట్టారు. ఏడాదికి అయిదు ఆటలే. మూడేళ్ళకు మించి ఎవరూ ఆడకూడదు. చేరిన మొదటి ఏడు ఆడనివ్వరు. విద్యార్థికి టిక్కెట్టు అర డాలరు దాటకూడదు. కోచ్ అనేవాడు యూనివర్సిటీలో పక్కా ఉపాధ్యాయుడై ఉండాలి. ఈ చివరిది చదివితే, పధ్నాలుగేళ్ళ కిందట స్టాగ్‌కు ఒక్కడికే దొరికిన కుర్చీని ఇప్పుడు అందరికీ నియమం చేసినట్టయింది. విచిత్రం ఏమిటంటే, చొరవ తీసుకున్న మిషిగనే ఈ నిబంధనలు భరించలేక 1908లో కూటమి వదిలి వెళ్ళింది. 1917లో తిరిగి వచ్చింది. చికాగో మాత్రం నిలబడింది. స్టాగ్ జట్టు మొత్తం ఏడుసార్లు కాన్ఫరెన్స్ విజేత అయింది, చివరిది 1924లో.

ఆ తర్వాత జట్టు దిగజారింది. పక్క యూనివర్సిటీలు పెద్దవవుతూ వచ్చాయి, చికాగోలో చదువు కష్టమవుతూ వచ్చింది. 1929లో ముప్పై ఏళ్ళ రాబర్ట్ హచిన్స్ అధ్యక్షుడయ్యాడు. ఆయనకు ఆటల మీద గురి లేదు. 1932లో స్టాగ్‌కు డెబ్బై నిండాయి. రిటైర్‌మెంటు నిబంధన చూపించి కోచ్ పదవి తీసేసి, ఏదో గౌరవ పదవి ఇస్తామన్నారు. అక్కర్లేదన్నాడు. నేను యాభై ఎనిమిదికి దిగినప్పుడు శాలువా కప్పుకుని, మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటూ ఇంటికొచ్చాను. ఈయన డెబ్బై ఒకటో ఏట భార్య స్టెల్లాను వెంటబెట్టుకుని రెండు వేల మైళ్ళు అవతల కాలిఫోర్నియాలో, స్టాక్టన్ అనే ఊళ్ళో, కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్ అనే చిన్న కాలేజీలో కొత్త ఉద్యోగంలో చేరాడు. స్టెల్లా చికాగోలో ఆయన విద్యార్థుల కాలం నాటి అమ్మాయే. అవతలి జట్ల ఆట చూసి, నోట్సు రాసి భర్తకు చెప్పేంత ఆట తెలిసిన మనిషి.

1938లో ఆయన ఆ చిన్న కాలేజీ జట్టును తీసుకుని చికాగో వచ్చాడు. ఆడింది తన పేరున్న గ్రౌండులోనే, తను పెంచిన జట్టు మీదే. 32–0తో గెలిచాడు. ఆ సాయంత్రం ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాను. పగ తీరిందని సంబరపడే మనిషిలా మాత్రం నాకు తోచలేదు. మరుసటి ఏడు మిషిగన్ చేతిలో చికాగో 85–0తో ఓడింది. ఆ డిసెంబరులో హచిన్స్ ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేశాడు. గ్యాలరీలు ఖాళీ. కాబట్టే మూడేళ్ళ తర్వాత వాటి కింద ఫెర్మీ బృందానికి రహస్యంగా చోటు దొరికింది. 1946లో చికాగో కాన్ఫరెన్స్ నుంచే తప్పుకుంది. నిబంధనలకు నిలబడిన యూనివర్సిటీ బయటికి వెళ్ళిపోయింది, వదిలిపెట్టి వచ్చిన మిషిగన్ ఈరోజుకీ ఉంది. దీన్ని న్యాయం అనాలో కాదనాలో, చదివినవాళ్ళే అనుకోవాలి. 1969లో చికాగోలో మళ్ళీ ఫుట్‌బాల్ మొదలుపెట్టారు, కానీ చిన్న స్థాయిలో, చదువుకునే కుర్రాళ్ళు సరదాకి ఆడుకునే ఆటగా.

స్టాగ్ మటుకు ఆగలేదు. 1943లో, ఎనభై ఒకటో ఏట, ఆ ఏటి ఉత్తమ కోచ్‌గా దేశం మొత్తం మీద ఆయన్ని ఎన్నుకున్నారు. ఎనభై నాలుగేళ్ళకు అక్కణ్ణించి దిగి, పెన్సిల్వేనియాలో కోచ్‌గా ఉన్న పెద్దకొడుకు దగ్గర సహాయకుడిగా చేరాడు. తండ్రికి కొడుకు పై అధికారి. మన ఇళ్ళలో ఊహించండి. తొంభై ఏట స్టాక్టన్ తిరిగొచ్చి, ఊళ్ళో జూనియర్ కాలేజీ పిల్లలకు బంతి తన్నడం నేర్పుతూ తొంభై ఎనిమిదేళ్ళ వరకూ గ్రౌండుకు వెళ్ళాడు. 1964లో స్టెల్లా పోయింది. 1965 మార్చి 17న, నూట రెండేళ్ళు నిండాక, ఆయనా పోయాడు.

ఆ ఏడు నేను ఇక్కడ ఎనిమిదో తరగతి. ఆ ఎండాకాలంలోనే మన బళ్ళో వేపచెట్టు అవతల బాస్కెట్‌బాల్ స్తంభాలు పాతారు. గుంటలు తీసిన పిల్లల్లో నేనొకణ్ణి. మేష్టారు ఈల మెళ్ళో వేసుకుని, పంచె ఎగ్గట్టి, గునపం తీసుకుని మాతో పాటు తవ్వారు. ఈ ఆట ఎక్కడిది, ఎవరు మొదలుపెట్టారు అని మేమెవ్వరం అడగలేదు. మొన్న సంఘం మీటింగుకు వచ్చినప్పుడు అటు వెళ్ళి చూశాను. ఒక స్తంభం పడిపోయింది. రెండోది ఉంది, రింగు లేదు. దాని పక్కన ఆరో తరగతి పిల్లలు నలుగురు పాత టెన్నిస్ బంతితో, బోర్డు మీద సున్నం మచ్చకు గురిపెట్టి ఆడుకుంటున్నారు.